రేవులో ఆగిన లాంచీకి ఒడ్డు కరెంటు: నాగార్జునసాగర్ జలాశయంలో చేసిన ఒక పని వివరం

నాగార్జునసాగర్ జలాశయంలో తిరిగే ఒక రెండంతస్తుల ప్రయాణికుల లాంచీ రేవులో ఆగి ఉన్నంతసేపు దాని డీజిల్ జనరేటరును పూర్తిగా ఆపేసి, లైట్లకు, ఫ్యాన్లకు, పంపులకు, ఏసీలకు కావలసిన కరెంటును ఒడ్డు నుంచే ఇచ్చే ఏర్పాటు చేయాలని దాని నిర్వాహకులు మమ్మల్ని అడిగారు. మిర్యాలగూడ రైసుమిల్లులకు ప్యానెళ్లు బిగించే మాలాంటి వాళ్లకు ఇది లెక్కలోకి రాని లోడు. అయినా సముద్రపు ఓడరేవుల్లో ఇలాంటి ఏర్పాటుకు ఎదురయ్యే చిక్కుల్లో ఒక్క ఫ్రీక్వెన్సీ సమస్య తప్ప మిగిలినవన్నీ ఇక్కడా ఎదురయ్యాయి. వాటికి తోడు ఎనభై అడుగుల మేర ఎక్కి దిగే నీటిమట్టం, మంచినీటిలో కరెంటు ప్రవర్తించే తీరు అనే రెండు విషయాలు అదనంగా వచ్చి చేరాయి. ఇలాంటి పని తలపెట్టే తోటి ఎలక్ట్రికల్ ఇంజనీర్లకు, కాంట్రాక్టర్లకు పనికొస్తుందని ఈ వివరం రాస్తున్నాను.

ఓడరేవుల్లో ఈ పద్ధతి

పెద్ద ఓడ రేవుకు చేరాక దాని ప్రధాన ఇంజను ఆగుతుంది కానీ లోపలి అవసరాల కోసం సహాయక జనరేటర్లు నడుస్తూనే ఉంటాయి. కంటైనర్ ఓడకు ఈ అవసరం కొన్ని మెగావాట్లు ఉంటుంది, పెద్ద క్రూయిజ్ నౌకకు 10 మెగావాట్లు కూడా దాటవచ్చు. ఆ పొగ అంతా రేవును ఆనుకొని ఉన్న ఊరి మీదే పడుతుంది. అందుకని 2000లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ రేవులో ఫెర్రీ ఓడలకు హైవోల్టేజీ కరెంటును ఒడ్డు నుంచి ఇవ్వడం మొదలుపెట్టారు. 2001లో అలాస్కాలోని జూనోలో క్రూయిజ్ నౌకలకు, 2004లో లాస్ ఏంజిలిస్‌లో కంటైనర్ ఓడలకు ఈ ఏర్పాటు వచ్చింది. 6.6 లేదా 11 కిలోవోల్టుల దగ్గర కలిపే పద్ధతికి అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థలైన ఐఈసీ, ఐఈఈఈ కలిసి 80005 వరుసలో ప్రమాణం రూపొందించాయి. ఐరోపా సమాఖ్య ప్రధాన రేవుల్లో 2030 నుంచి కంటైనర్, ప్రయాణికుల ఓడలు ఒడ్డు కరెంటునే వాడాలని చట్టం చేసింది. మన దేశంలో 2023లో వచ్చిన హరిత్ సాగర్ మార్గదర్శకాలు కూడా ప్రధాన రేవులను ఈ దారిలోకే తెస్తున్నాయి.

సముద్రపు ఓడల్లో ఎక్కువ భాగం 60 హెర్ట్జ్ మీద నడుస్తాయి, మన గ్రిడ్ 50 హెర్ట్జ్. కాబట్టి మన రేవుల్లో ఫ్రీక్వెన్సీ మార్చే కన్వర్టరు పెట్టక తప్పదు, మొత్తం ఖర్చులో పెద్ద వాటా దానిదే. సాగర్ లాంచీలో ఉన్నది మన మార్కెట్లో కొన్న 40 కేవీఏ జనరేటరు కనుక రెండు వైపులా 415 వోల్టులు, 50 హెర్ట్జే. ఆ ఖర్చు మాకు తప్పింది.

జనరేటరు ఎందుకు ఆపాలి

లాంచీ లోడు రెండు రకాలుగా ఉండేది. రాత్రిపూట సిబ్బంది నిద్రపోయే చోట ఫ్యాన్లు, గట్టు వైపు లైట్లు, ఫ్రిజ్, బ్యాటరీ ఛార్జర్లు, అడుగున చేరిన నీటిని తోడే పంపు కలిపి 4 కిలోవాట్లు మించదు. సాయంత్రాలు రేవులోనే లాంచీ మీద విందో సమావేశమో పెట్టినప్పుడు కింది హాలు ఏసీలు, వంటగది, మైకు సెట్టు కలిసి 22 కిలోవాట్ల దాకా వెళ్తుంది.

నిజమైన సమస్య రాత్రి లోడు దగ్గర ఉంది. ఆ 40 కేవీఏ జనరేటరు దాదాపు 32 కిలోవాట్లు ఇవ్వగలదు, అలాంటి ఇంజను మీద 4 కిలోవాట్లు మోపితే సిలిండర్లు సరిగా వేడెక్కవు, డీజిల్ పూర్తిగా కాలదు, మిగిలినది జిడ్డుగా మారి పొగగొట్టంలో పేరుకుంటుంది. మేము మొదటిసారి లాంచీ ఎక్కినప్పుడు పొగగొట్టం అతుకు కింద నల్లటి తారులాంటిది కారి, దాని కింద పెట్టిన పాత పెయింటు డబ్బాలో సగానికి నిండి ఉంది. వాన వస్తే ఆ డబ్బా పొంగి ఎటు పోతుందో అడగనక్కరలేదు. డీజిలును ప్లాస్టిక్ క్యాన్లలో మోసుకొని పలక మీదుగా లాంచీలోకి తెచ్చి గరాటుతో పోసేవారు. పోసిన ప్రతిసారీ నీటి మీద రంగురంగుల పొర ఒకటి తేలేది.

ఈ నీళ్లు ఎవరు తాగుతారో తెలిసినవాళ్లకు ఆ పొర చిన్న విషయంగా కనిపించదు. పుట్టంగండి దగ్గర సాగర్ నుంచి ఎత్తిపోసిన నీరు అక్కంపల్లి రిజర్వాయరుకు చేరి, అక్కడి నుంచి హైదరాబాదు నగరానికి వెళ్తుంది. ఫ్లోరైడుతో తరతరాలుగా ఎముకలు వంగిపోయిన మర్రిగూడ, నాంపల్లి వైపు పల్లెలకు కృష్ణా నీళ్లు తప్ప మరో దిక్కు లేదు. ఒక లాంచీ ఒలకబోసే డీజిలుకు ఇంత పెద్ద జలాశయం కలుషితమైపోతుందని నేను అనను, అది లెక్కకు నిలవదు. కానీ తాగునీటి జలాశయంలో, అవసరమే లేని సమయంలో, రాత్రంతా ఒక డీజిల్ ఇంజను తిరుగుతూ ఉండటానికి సమర్థన దొరకదు. నిర్వాహకులు మాత్రం ఈ పనిని ప్రధానంగా ఇంధనం ఖర్చు కోసమే అడిగారు, అందులోనూ తప్పేమీ లేదు.

వోల్టేజీ లెక్క

కరెంటు స్తంభం నుంచి జలాశయం పూర్తిమట్టానికి పైన ఉన్న మా ఫీడర్ పిల్లరు (కరెంటు పంచే పెట్టె) దాకా భూగర్భ కేబుల్ సుమారు 180 మీటర్లు, పిల్లరు నుంచి నీటి మీది పంటు (లాంచీ ఆనుకొని ఆగే తేలే వేదిక) దాకా కదిలే రబ్బరు కేబుల్ గరిష్ఠంగా 150 మీటర్లు వచ్చింది. 22 కిలోవాట్లకు పవర్ ఫ్యాక్టర్ 0.85 అనుకుంటే 36 యాంపియర్లు. ఈ కరెంటుకు 25 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్ సరిపోతుందని ఎవరైనా అంటారు, వేడి విషయంలో అది నిజమే. కానీ ఆ సైజుతో 180 మీటర్లలోనే 15 వోల్టులు పోతాయి. 50 చదరపు మిల్లీమీటర్లు తీసుకుంటే అది 8 వోల్టులకు తగ్గుతుంది. కదిలే భాగానికి 25 చదరపు మిల్లీమీటర్ల రాగి రబ్బరు కేబుల్ వాడాం, అక్కడ మరో 8 వోల్టులు పోతాయి.

సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో స్తంభం దగ్గర 390 వోల్టులే ఉండేవి. 415 వోల్టుల ఎల్టీ (తక్కువ వోల్టేజీ) సరఫరాలో 6 శాతం అటూ ఇటూ ఉండవచ్చన్న నిబంధనకు అది సరిగ్గా కింది అంచు, కాబట్టి ఫిర్యాదు చేయడానికి కూడా వీలు లేదు. కేబుళ్లలో 16 వోల్టులు, ఒడ్డు తీగలకూ లాంచీ తీగలకూ నేరు కలయిక లేకుండా చేసే, తరవాత చెప్పబోయే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరులో మరో 3 శాతం పోగా, లాంచీ ప్యానెల్ దగ్గర 363 వోల్టులు మిగులుతాయి. ఈ వోల్టేజీకి ఏసీ కంప్రెసర్లు మూలుగుతాయి. ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజీని 5 శాతం పెంచే ట్యాపు (చుట్ల సంఖ్య మార్చే కొస) పెడితే సాయంత్రానికి హాయిగా ఉంటుంది, కానీ అర్ధరాత్రి దాటాక పల్లెల్లో లోడు తగ్గి స్తంభం దగ్గర 430కి చేరినప్పుడు అదే ట్యాపు మీద ఫేజుకు 260 వోల్టులు వచ్చి ఎల్ఈడీ డ్రైవర్లు ఒక్కొక్కటే మాడిపోతాయి. అందుకని రెండున్నర శాతం ట్యాపు దగ్గర ఆగాం. సాయంత్రం 372, రాత్రి 440: రెండూ భరించదగినవి. ఏసీలన్నీ ఒకేసారి మొదలుకాకుండా చిన్న టైమర్లు పెట్టాం. స్టెబిలైజరు పెట్టమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. నీటి మీద తేలే చోట కదిలే భాగాలున్న సర్వో స్టెబిలైజరు పెట్టడం నాకు నచ్చలేదు.

ఎక్కి దిగే నీళ్లు

సముద్రపు రేవులో ఆటుపోట్లకు కొన్ని మీటర్ల తేడా ఉంటుంది, అది రోజూ వచ్చేదే. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, కనీస వినియోగ మట్టం 510 అడుగులు. ఈ ఎనభై అడుగులు ఒక్కరోజులో మారవు, కానీ ఎండాకాలం అంతా తగ్గుతూ పోయి, పైన శ్రీశైలం గేట్లు ఎత్తిన తరవాత రోజుకు కొన్ని అడుగుల చొప్పున ఎగబాకుతాయి. ఒడ్డు వాలు ఆరుకు ఒకటి చొప్పున ఉన్నచోట ఎనభై అడుగుల లోతు తేడా అంటే నేల మీద దాదాపు 150 మీటర్ల దూరం. రేవు పంటు నీటితోపాటే ముందుకీ వెనక్కీ జరుగుతూ ఉంటుంది.

వాలు పొడుగునా మూడు నాలుగు మట్టాల్లో సాకెట్లు పెడితే కేబుల్ పొట్టిగా ఉంటుందన్నది అందరికీ ముందుగా తోచే ఆలోచన. దాన్ని మేము వెంటనే పక్కన పెట్టాం. కింది పెట్టెలు ఏడాదిలో సగం కాలం నీటి కింద ఉంటాయి. కేబుల్ దూరే చోట నీరు చొరకుండా ఎంత గట్టి గ్లాండు బిగించినా, ఒండ్రు పట్టిన పెట్టెను మళ్లీ వేసవిలో తెరిచి కరెంటు ఇచ్చే ధైర్యం నాకు లేదు. అందుచేత 590 అడుగులకు పైన, అలల ఎత్తు కూడా వదిలి, ఒకే ఒక్క పిల్లరు కట్టాం. దాని కింద నీటి వైపు ఎక్కడా అతుకు ఉండకూడదు, కేబుల్ ఎక్కడ దెబ్బతిన్నా మొత్తం ముక్క మార్చవలసిందే, టేపు చుట్టి వాడకూడదు అని రాసి ఒప్పందంలోనే పెట్టాం.

కేబుల్‌ను డ్రమ్ముకు చుట్టి ఉంచడంలో ఒక మెలిక ఉంది. నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు కేబుల్ అంతా వాలు మీద పరుచుకొని ఉంటుంది, గాలి తగులుతుంది, చల్లగా ఉంటుంది. జలాశయం నిండినప్పుడు పంటు పిల్లరు దగ్గరికి వచ్చేస్తుంది కనుక కేబుల్‌లో ఎక్కువ భాగం డ్రమ్ము మీదే మిగిలిపోతుంది. మూడు వరసలు చుట్టి ఉన్న కేబుల్ మోయగల కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది, లోపలి వరసల వేడికి బయటికి దారి ఉండదు. గేట్లు ఎత్తినప్పుడు జనం హైదరాబాదు నుంచి, మాచర్ల వైపు నుంచి తిరునాళ్లకు వచ్చినట్టు వస్తారు. లాంచీ మీద ఏసీలు, వంటగది పూర్తిగా నడిచేదీ అప్పుడే. అంటే కేబుల్ సామర్థ్యం అతి తక్కువగా ఉండే రోజుల్లోనే లోడు అతి ఎక్కువగా ఉంటుంది. 16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌ను కాదని 25కు వెళ్లడానికి వోల్టేజీ ఒక కారణమైతే ఇది రెండో కారణం. అది చాలదని, నీటిమట్టం ఒక గుర్తు దాటాక డ్రమ్ము మీద రెండు వరసలకు మించి ఉంచకూడదని, మిగిలిన కేబుల్‌ను పిల్లరు పక్కనున్న రేకుల షెడ్డు కింద ఎనిమిది అంకె ఆకారంలో నేల మీద పరిచి ఉంచాలని నియమం పెట్టాం. సిబ్బంది దీన్ని మొదట అనవసరపు చాకిరీగా చూశారు. ఒక సాయంత్రం విందు మధ్యలో డ్రమ్ము లోపలి వరసల మీద చెయ్యి పెట్టి చూడమన్నాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఎర్తింగ్

ఈ మొత్తం పనిలో ఎక్కువ ఆలోచించవలసి వచ్చింది ఇక్కడే.

ఇంట్లో అయితే ఎర్తు తీగను యంత్రం బాడీకి కలిపితే పని అయిపోతుంది. లాంచీ విషయంలో అలా చేస్తే రెండు ప్రమాదాలు. మొదటిది నెమ్మదైనది. లాంచీ అడుగు రేకు ఉక్కు, ఒడ్డున మన ఎర్తు కడ్డీలు రాగి పూతవి. రెండింటినీ తీగతో కలిపి, మధ్యలో నీళ్లు, తడి నేల ఉంచితే అది ఒక బ్యాటరీ అవుతుంది. అందులో రాగి భద్రంగా ఉంటుంది, ఉక్కు కరుగుతుంది. జనరేటరు మీద నడిచినప్పుడు ఈ దారి ఉండదు, ఒడ్డు కరెంటు పెట్టిన రోజు నుంచి రాత్రీపగలూ తెరిచే ఉంటుంది. రేకును కాపాడటానికి అడుగున బిగించే త్యాగపు దిమ్మెలు (ఉక్కుకు బదులు తామే కరిగిపోయే లోహపు ముక్కలు) కూడా మంచినీటిలో మెగ్నీషియంవి అయి ఉండాలి. సముద్రపు అలవాటులో జింకువి బిగిస్తే వాటి మీద పొర కట్టి పనిచేయడం మానేస్తాయి.

రెండోది ప్రాణం మీదికి వచ్చేది. లాంచీలో ఒక ఫేజు తీగ తొడుగు చిరిగి బాడీకి తగిలిందనుకుందాం, ఒడ్డు ఎర్తు తీగ కూడా ఎక్కడో తెగి ఉందనుకుందాం. లాంచీ ఇనుము అంతా కరెంటు ఎక్కి, అడుగు రేకు నుంచి నీటిలోకి, అక్కడి నుంచి ఒడ్డుకు కరెంటు పారుతుంది. సముద్రపు నీరు మనిషి శరీరం కంటే బాగా కరెంటును పోనిస్తుంది కాబట్టి అది ఈదేవాడిని దాదాపుగా వదిలేసి పక్కనుంచి వెళ్తుంది. మంచినీరు అలా కాదు. రక్తంలో ఉప్పు ఉన్న మనిషి శరీరమే దానికి సులువైన దారి, కరెంటు అతని గుండా పోతుంది. పది ఇరవై మిల్లీ యాంపియర్లకే కండరాలు బిగుసుకుపోతాయి, షాకుతో కాకపోయినా మునిగి చనిపోతాడు. బయటికి చూసేవాళ్లకు ఈత రానివాడు మునిగినట్టే కనిపిస్తుంది. సాగర్ రేవు దగ్గర పుట్టి వేసుకొని వలలు పరిచే జాలర్లు పంటు చుట్టూ తిరుగుతుంటారు, సెలవుల్లో కాలనీల పిల్లలు అక్కడే దూకి ఈదుతుంటారు. వద్దని బోర్డు రాసినంత మాత్రాన ఆగరు. వాళ్లు నీళ్లలో ఉన్నారన్న లెక్కతోనే డిజైను చేయాలి.

ఈ రెండింటికీ కలిపి ఒకే మందు ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు. 30 కేవీఏ, ఒడ్డు వైపు చుట్ట (ప్రైమరీ) న్యూట్రల్ అక్కరలేని డెల్టా, లాంచీ వైపు చుట్ట (సెకండరీ) న్యూట్రల్ ఉండే స్టార్, రెండు చుట్లకూ మధ్య ఎర్తు చేసిన రాగి తెర ఉన్నది తీసుకున్నాం. ఒడ్డు ఎర్తు తీగ ట్రాన్స్‌ఫార్మరు పెట్టె దగ్గర, మధ్య తెర దగ్గర, పంటు ఇనుము దగ్గర ఆగిపోతుంది. లాంచీకి వెళ్లే సెకండరీ న్యూట్రల్, లాంచీ ఎర్తు ఒకదానితో ఒకటి కలుస్తాయి కానీ ఒడ్డు ఎర్తుతో కలవవు. లాంచీలో లోపం వస్తే ఆ కరెంటు తిరిగి రావలసింది పంటు మీది ట్రాన్స్‌ఫార్మరు సెకండరీకే కనుక నీళ్లలోంచి ఒడ్డుకు పోయే పని దానికి లేదు. లాంచీ ప్యానెల్‌లోని లీకేజీ బ్రేకరు (కరెంటు పక్కదారిన కారితే ఆపేసే స్విచ్) దాన్ని అక్కడే తెంచుతుంది. పిల్లరు దగ్గర, పడవల రేవులకు ఐఈసీ 60364 ప్రమాణం 709వ భాగం చెప్పినట్టు, 63 యాంపియర్ల సాకెట్టుకు విడిగా 30 మిల్లీ యాంపియర్ల లీకేజీ బ్రేకరు పెట్టాం. మామూలుగా ఇంత సున్నితమైన బ్రేకరు ఇన్వర్టర్ ఏసీల ఫిల్టర్ల లీకేజీకే మాటిమాటికీ పడిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరు అవతలి లీకేజీ దానికి కనిపించదు కాబట్టి ఆ బెడద కూడా తీరింది.

డెల్టా ప్రైమరీ వల్ల మరో మేలు కలిగింది, దీన్ని మన జిల్లాల్లో పనిచేసేవాళ్లు వెంటనే గ్రహిస్తారు. ఒడ్డు నుంచి మేము మూడు ఫేజులు, ఎర్తు మాత్రమే తెచ్చాం, న్యూట్రల్ తేలేదు. గాలివానకు లైనులో న్యూట్రల్ తెగి, వీధిలో టీవీలు, ఫ్రిజ్‌లు వరసగా కాలిపోవడం చూడని మనిషి ఉండడు. లాంచీ న్యూట్రల్ ట్రాన్స్‌ఫార్మరు సెకండరీలో పుట్టినది కనుక ఆ ప్రమాదం నీటి మీదికి రాదు.

ట్రాన్స్‌ఫార్మరును లాంచీలో పెట్టకుండా పంటు మీద పెట్టాం. రెండు క్వింటాళ్లు దాటే బరువును లాంచీలో ఒక పక్కకు చేరిస్తే దాని స్థిరత్వపు లెక్క మళ్లీ చేయించి సర్వే ధ్రువీకరణ తెచ్చుకోవాలి. పంటు మీద ఉంటే ఏ లాంచీ వచ్చి ఆగినా పనికొస్తుంది. అయితే ఒక షరతు ఉంది: పంటు ఇనుము, లాంచీ ఇనుము తాకకూడదు. రెండింటి మధ్య పాత లారీ టైర్లు కట్టి ఉంటాయి కనుక పక్కల నుంచి భయం లేదు. పనంతా అయ్యాక మీటరు పెట్టి చూస్తే రెండు ఇనుముల మధ్య నిరోధం దాదాపు సున్నా చూపించింది. జనం ఎక్కి దిగే ఇనుప నిచ్చెన పలక ఒక కొన పంటు మీద, మరో కొన లాంచీ అంచు మీద ఆనుకొని ఉంది. దాని పాదాల కింద రాపిడికి తట్టుకునే మందపాటి రబ్బరు దిమ్మెలు బోల్టులతో బిగించి, ఆ బోల్టులు కూడా అవతలి ఇనుముకు తగలకుండా నైలాన్ గుండీలు వేశాక మీటరు ముల్లు కదిలింది. ఈ పరీక్షను నెలవారీ జాబితాలో చేర్చాం, దిమ్మెలు అరిగినా, ఎవరైనా ఇనుప గొలుసుతో లాంచీని కట్టినా ఇదంతా వృథా అవుతుంది.

మార్పిడి, ప్లగ్గు, ఫేజుల వరస

పెద్ద ఓడల్లో ఓడ జనరేటరును ఒడ్డు కరెంటుతో సింక్రనైజ్ చేసి, లైటు కూడా మినుకుమనకుండా లోడు మారుస్తారు. మాకు ఆ అవసరం లేదు. నాలుగు పోళ్ల చేంజోవర్ స్విచ్ పెట్టి, ఒకటి పూర్తిగా విడిపోయాకే మరొకటి కలిసేలా మెకానికల్ ఇంటర్‌లాక్ ఇచ్చాం. కొన్ని సెకన్ల చీకటికి ఎవరికీ అభ్యంతరం లేదు.

ప్లగ్గు ఐఈసీ 60309 రకం, 63 యాంపియర్లది. ఈ సైజు ప్లగ్గుల్లో ఫేజు, ఎర్తు పిన్నులతో పాటు మధ్యలో ఒక పొట్టి పిన్ను ఉంటుంది. ప్లగ్గు లాగినప్పుడు ముందుగా విడిపోయేది అదే. దాని గుండా కాంటాక్టరు (కరెంటుతో పనిచేసే పెద్ద స్విచ్) కాయిల్‌ను నడిపితే, పెద్ద పిన్నులు విడిపోయే లోపే కరెంటు తెగిపోతుంది, నిప్పురవ్వ రాదు. అదే వలయంలో ఒక లాగుడు స్విచ్ కూడా కలిపాం. కేబుల్ కంటే పొట్టిగా ఉన్న నైలాన్ తాడు ఒకటి లాంచీకి, స్విచ్‌కు మధ్య ఉంటుంది. మోకులు తెగి లాంచీ జారిపోతే కేబుల్ బిగిసేలోపే తాడు బిగిసి కరెంటు ఆగుతుంది. సముద్రపు రేవుల్లో ఈ పనికి కేబుల్ బిగుతును కొలిచే ఖరీదైన తన్యతా సెన్సర్లు వాడతారు. ట్రాన్స్‌ఫార్మరుకు కరెంటు ఇచ్చిన మొదటి క్షణంలో వచ్చే ఉధృతికి మామూలు బ్రేకరు పడిపోతుంది కనుక డి రకం బ్రేకరు, దాంతోపాటు ఒక సెకను పాటు మధ్యలో ఉండి తరవాత తప్పుకునే రెసిస్టరు పెట్టాం.

ఫేజుల వరస సంగతి అనుభవంలోనే తేలింది. ఒక వర్షపు రాత్రి ఎగువన లైను మరమ్మతు జరిగి, రెండు ఫేజులు తారుమారై కలిశాయి. మరుసటి ఉదయం లాంచీ నడిపే సరంగు ఫోన్ చేసి, “సారు, పంపు తిరిగే సప్పుడైతే వస్తుంది గని నీళ్లు సన్నగ పడ్తున్నయి” అన్నాడు. అడుగు నీటిని తోడే పంపు వెనక్కి తిరుగుతోంది. బ్యాటరీ మీద నడిచే రెండో పంపు ఉంది కాబట్టి ఇబ్బంది కాలేదు. వెనక్కి తిరిగింది ఏసీలోని స్క్రోల్ కంప్రెసరు అయితే నీళ్లు తోడకపోవడంతో ఆగదు, పాడైపోతుంది. మేము పెట్టిన ఫేజు ఫెయిల్యూర్ రిలే ఒక ఫేజు పోతే ఆపేది, వరస మారితే ఆపే రకం అప్పటికి సరుకులో దొరకక ఆర్డరులో ఉంది. అది వచ్చి బిగించాక ఈ సమస్య మళ్లీ లేదు. ఇలాంటి పనిలో రిలే రానిదే కరెంటు ఇవ్వనని పట్టుబట్టడం మేలు, నిర్వాహకులు ఎంత తొందరపెట్టినా సరే.

కర్బనం లెక్క

ఒడ్డు కరెంటు పెడితే ఉద్గారాలు మాయమవుతాయని చెప్పే కరపత్రాలను చూసి మోసపోకూడదు. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.68 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. మన దేశపు గ్రిడ్‌లో ఒక యూనిట్ తయారీకి సగటున 0.7 కిలోలకు పైనే వస్తుంది, దారిలో పోయే నష్టాలు కలుపుకుంటే వాడిన యూనిట్‌కు 0.8 దాటుతుంది.

రాత్రి 4 కిలోవాట్ల మీద జనరేటరు గంటకు రెండు లీటర్లకు పైన తాగేది, పది గంటలకు 22 లీటర్లు అనుకుంటే 59 కిలోలు. అదే రాత్రికి ఒడ్డు నుంచి, కేబుల్, ట్రాన్స్‌ఫార్మరు నష్టాలతో కలిపి 44 యూనిట్లు అవసరమవుతాయి, అంటే 36 కిలోలు. దాదాపు నలభై శాతం తగ్గింది. డబ్బులో అయితే రెండు వేల రూపాయలు దాటే డీజిల్ స్థానంలో, యూనిట్‌కు సుమారు పది రూపాయల వాణిజ్య రేటు మీద ఐదు వందల లోపు బిల్లు. సాయంత్రపు 22 కిలోవాట్ల కథ వేరు. ఆ లోడు మీద ఇంజను సక్రమంగా కాలుతుంది, యూనిట్‌కు 0.77 కిలోల దగ్గర వస్తుంది. గ్రిడ్ కూడా ఇంచుమించు అంతే, ఒక పిసరు ఎక్కువే కావచ్చు. సముద్రపు ఓడల సహాయక ఇంజన్లు కూడా యూనిట్‌కు 0.7 కిలోల దగ్గరే నడుస్తాయి కనుక, బొగ్గు మీద ఆధారపడిన గ్రిడ్ ఉన్నంతకాలం మన ఓడరేవులకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

కళ్లముందే సుమారు 816 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉంది కదా, లాంచీ నీటి కరెంటు మీదే నడుస్తుంది కదా అని ఒక పెద్దాయన నాతో వాదించారు. వినడానికి బాగుంటుంది. ఆ కేంద్రం సాగునీటి విడుదలను, గ్రిడ్ అవసరాన్ని బట్టి తిరుగుతుంది, మన స్తంభానికి వచ్చేది అన్నీ కలిసిన కరెంటు.

అందువల్ల ఈ పనిని కర్బనం పేరుతో అమ్మడం కంటే, జనం మధ్య పొగ, నైట్రోజన్ ఆక్సైడ్లు, మసి పోవడం, తాగునీటి మీదుగా డీజిల్ మోయడం తగ్గడం పేరుతో చెప్పడమే నిజాయితీ. అది రేవులోనే, ఆ రోజే కనిపించే లాభం. జనరేటరును పూర్తిగా తీసేయలేదు. వారానికి ఒకసారి సగం లోడుకు తగ్గకుండా కాసేపు నడపమని చెప్పాం. ఇప్పుడు అతుకు కింద డబ్బా పెట్టవలసిన పని లేదు.

ఇదే ఏర్పాటును సోమశిలలో చేయగలమా అని కొల్లాపూర్ వైపు నుంచి అడిగారు. వెళ్లి చూసి కాదని చెప్పాను. శ్రీశైలం జలాశయపు వెనక నీళ్లు అక్కడ చాలా తక్కువ వాలు మీద పరుచుకొని ఉంటాయి. నీళ్లు వెనక్కి తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో లాంచీ ఆగే చోటు వర్షాకాలపు గట్టుకు చాలా దూరం జరిగిపోతుంది. అంత పొడవు కేబుల్‌కు రాగి ఖర్చు, వోల్టేజీ నష్టం, కాపలా అన్నీ కలిసి లాభాన్ని మింగేస్తాయి. అక్కడి లాంచీల రాత్రి లోడు కూడా నాలుగు కిలోవాట్ల లోపే కాబట్టి, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు పెట్టి, పగలు ప్రధాన ఇంజను నడిచేటప్పుడు దాని ఆల్టర్నేటరు నుంచీ, పైకప్పు మీది సోలార్ పలకల నుంచీ నింపుకోమని రాసిచ్చాను. పది గంటల రాత్రికి 40 యూనిట్లు కావాలి, బ్యాటరీని అడుగంటా ఖాళీ చేయకూడదు కనుక 50 యూనిట్ల సామర్థ్యం అడిగాను. దాని బరువును లాంచీ స్థిరత్వపు లెక్కలో ఎక్కడ కూర్చోబెట్టాలన్నది ఇప్పుడు సర్వేయరుతో నడుస్తున్న చర్చ.